చిన్నపిల్లలకు సూర్యుడి పాఠం: పేపర్ ప్లేట్లు పక్కన పెట్టి ఎండలోకి తీసుకెళ్ళండి

మీరు అడిగింది ఇది. గుంటూరు దగ్గర చిన్న ప్రీస్కూల్ నడుపుతున్నారు. మూడేళ్ళ నుంచి ఆరేళ్ళ లోపు పిల్లలు. ఫిబ్రవరిలో ఒక వారం ‘సూర్యుడు’ అనే అంశం తీసుకున్నారు. నెట్‌లో ఎంత వెతికినా పేపర్ ప్లేటుకు పసుపు రంగు పూసి చుట్టూ కిరణాలు అంటించడమే కనిపిస్తోంది. తక్కువ ఖర్చుతో, పిల్లలు చేత్తో చేసేవి కావాలి. పైగా ఒక బాబు “రాత్రి సూర్యుడు ఎక్కడికి పోతాడు టీచర్?” అని అడిగితే ఏం చెప్పాలో తోచలేదన్నారు.

నేను చాలా ఏళ్ళు ఈ వయసు పిల్లలకు చెప్పాను, ఇప్పుడు అంగన్‌వాడీ టీచర్లకు శిక్షణ ఇస్తున్నాను. నా అనుభవంలో తేలింది ఒక్కటే. ఈ వయసు పిల్లలకు సూర్యుడి గురించి చెప్పడం కంటే, ఎండ చేసే పనిని వాళ్ళ కళ్ళ ముందు జరగనివ్వడం ముఖ్యం. పేపర్ ప్లేటు సూర్యుడు గోడ మీద అందంగానే ఉంటాడు. కానీ అది చేస్తున్నంతసేపూ పిల్లలు ఫ్యాన్ కింద కూర్చుని ఉంటారు, అసలు సూర్యుడు బయట ఉంటాడు. ప్లేటు చేయించవద్దని అనను, వారం చివర చేయించండి. అప్పటికి వాళ్ళు వేసే బొమ్మలో నీడ కూడా వచ్చి చేరుతుంది, చూడండి.

అన్నిటికంటే ముందు జాగ్రత్త. సూర్యుణ్ణి నేరుగా చూడకూడదన్న సంగతి మొదటి రోజే ఆటలా అలవాటు చేయాలి. మేం పిల్లలతో “సూర్యుడికి వీపు, నీడకు ముఖం” అని అనిపిస్తాం. బయటికి అడుగు పెట్టగానే అందరూ ఆ మాట అంటూ తిరిగి నిలబడతారు. కంటి వెనక ఉండే రెటీనాకు నొప్పి తెలియదు కాబట్టి కన్ను దెబ్బతింటున్నా పిల్లవాడు “అబ్బా” అనడు. అందుకే ఇంత పట్టుదల. చలువ కళ్ళజోడు, ఎక్స్‌రే ఫిల్ము, పొగ పట్టించిన గాజుపెంకు ఏవీ రక్షణ కావు. భూతద్దం ఈ వయసుకు వద్దే వద్దు. కాగితం కాల్చి చూపిస్తే పిల్లలు ఆశ్చర్యపోతారు నిజమే, కానీ ఇంటికెళ్ళి అదే పని చీమల మీదో, చేతి మీదో చేస్తారు. కాస్త పెద్ద పిల్లలుంటే, శాస్త్రవేత్తలు కూడా కళ్ళతో చూడరనీ, సూర్యుణ్ణి చూడడానికి మన శ్రీహరికోట నుంచే 2023 సెప్టెంబరు 2న ఆదిత్య ఎల్1 అనే ఉపగ్రహాన్ని పంపారనీ చెప్పండి. అది భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉండి మన బదులు చూస్తోందంటే పిల్లలకు భలే నచ్చుతుంది.

ఫిబ్రవరి అయితే ఎండ పెద్దగా ఇబ్బంది పెట్టదు. అయినా ఒక్కో విడత 15, 20 నిమిషాలు దాటనివ్వకండి. వెళ్ళే ముందు, వచ్చాక మంచినీళ్ళు తాగించండి. మార్చి సగం దాటి ఒంటిపూట బడులు మొదలయ్యాక చేస్తే మాత్రం పది లోపే ముగించాలి. ఇనప జారుడుబల్ల, గచ్చు ఎంత కాలుతున్నాయో ముందు మీ అరచేత్తో చూసుకోండి. చెప్పులు లేకుండా ఎవరినీ పంపకండి.

ఇక అసలు విషయం. వారంలో ఒకే ఒక్క పని చేసే తీరిక ఉందంటే నేను నీడనే ఎంచుకుంటాను.

ఉదయం తొమ్మిదింటికి పిల్లల్ని జంటలుగా బయటికి తీసుకెళ్ళండి. ఒకరు నిలబడతారు, రెండోవాళ్ళు ముందు పాదాల చుట్టూ, తర్వాత నీడ చుట్టూ సుద్దముక్కతో గీత గీస్తారు. మట్టి నేల అయితే చింతపిక్కలు గానీ గులకరాళ్ళు గానీ పేర్పించండి. ఆ పేర్చడంలోనే వేళ్ళకు మంచి పని దొరుకుతుంది. గీత పూర్తయ్యాక లోపలికి వచ్చేముందు ఒక్క ప్రశ్న అడగండి: “మళ్ళీ వచ్చి ఇవే పాదాల్లో నిలబడితే నీ నీడ ఇదే గీతలో పడుతుందా?” దాదాపు అందరూ “ఆ, పడుతుంది” అంటారు. అవుననో కాదనో మీరు చెప్పకండి. ఎవరు ఏమన్నారో పలక మీద రాసి పెట్టండి.

పదకొండింటికి మళ్ళీ తీసుకెళ్ళండి. అప్పుడు మీరు చూడాల్సింది నీడను కాదు, పిల్లల్ని. పాదాలు సరిగ్గా పాత గుర్తులో పెడతారు. నీడ చూస్తే గీతలో ఉండదు, పొట్టిదై పక్కకు జరిగి ఉంటుంది. కొందరు నడుము వంచి, చేతులు చాచి నీడను గీతలోకి తోయాలని చూస్తారు. ఇంకొందరు గుర్తు వదిలేసి పాదాలు జరుపుతారు. ఎవరో ఒకరు “ఎవరో నా గీత మార్చేశారు” అని ఫిర్యాదు చేస్తారు. ఈ తికమకను కనీసం ఐదు నిమిషాలు సాగనివ్వండి. టీచర్లు ఇక్కడే ఓపిక పట్టలేక “సూర్యుడు జరిగాడు కదా, అందుకే” అని చెప్పేస్తారు. చెప్పేశాక పిల్లవాడు ఆలోచించడానికి ఏమీ మిగలదు. వీలైతే మూడోసారి, మూడు గంటల ప్రాంతంలో కూడా గీయించండి. అప్పటికి నీడ అవతలి వైపుకి తిరిగి ఉంటుంది.

పొడవు కొలవడానికి స్కేలు వద్దు. పాత చీర అంచులో, రంగు రిబ్బన్లో తెచ్చుకోండి. ప్రతిసారీ నీడ పాదం నుంచి తల దాకా రిబ్బను పరిచి అంతే కత్తిరించండి. పొద్దుటిది ఎరుపు, మధ్యాహ్నానిది పసుపు, సాయంత్రానిది నీలం. ఆ మూడింటినీ గోడకు పక్కపక్కనే అంటిస్తే అదే వాళ్ళ మొదటి గ్రాఫు. అంకెలు రాని మూడేళ్ళ పిల్ల కూడా వేలు పెట్టి “పొద్దున నీడ పెద్దది, అన్నం వేళ నీడ చిన్నది” అని చెప్తుంది.

ఇక్కడ ఒక తప్పు మాట బాగా పాతుకుపోయి ఉంది, దాన్ని పిల్లలకు నేర్పకండి. “మిట్టమధ్యాహ్నం నీడ ఉండదు” అని చాలామంది టీచర్లు చెప్తారు. మన ప్రాంతంలో అది ఏడాదికి రెండు రోజుల మాట. ఫిబ్రవరి నడిమిలో గుంటూరులో మీటరు ఎత్తున్న పిల్లవాడి నీడ ఉదయం తొమ్మిదికి సుమారు మీటరున్నర ఉంటుంది. సూర్యుడు అన్నిటికంటే ఎత్తుకు చేరిన వేళ కూడా అర మీటరు దాటే ఉంటుంది. డిసెంబరులో అయితే 80 సెంటీమీటర్లకు పైనే. ఆ ఎత్తుకు చేరేది కూడా గడియారంలో సరిగ్గా 12 కొట్టినప్పుడు కాదు. మన దేశపు గడియారం కాకినాడకు దగ్గరగా వెళ్ళే 82.5 డిగ్రీల రేఖను బట్టి నడుస్తుంది. గుంటూరు దానికి పడమరన ఉంది, పైగా ఫిబ్రవరిలో సూర్యుడు గడియారం కంటే కాస్త వెనకబడి ఉంటాడు. కాబట్టి మీకు ఆ వేళ 12 గంటల 20 నిమిషాల ప్రాంతంలో వస్తుంది. ఇదంతా పిల్లలకు చెప్పమని కాదు. వాళ్ళు “టీచర్, నీడ ఉంది కదా!” అన్నప్పుడు మీరు తడబడకుండా “అవును, ఉంది. ఎంత ఉందో కొలుద్దాం” అనగలగాలి, అందుకు.

నీడ గడియారం కూడా సులువే. ఆవరణలో ఒక కర్ర నిటారుగా పాతి, బడి గంట కొట్టిన ప్రతిసారీ దాని నీడ కొసన ఒక రాయి పెట్టించండి. పాలు తాగే వేళ రాయి, అన్నం రాయి, ఇంటికెళ్ళే రాయి. మర్నాడు రాళ్ళు చూసి “అన్నం వేళయింది” అని పిల్లలే వచ్చి చెప్తారు. ఇది కొద్ది రోజులకే సరిపోతుంది, నెలలు గడిచేకొద్దీ రాళ్ళు తప్పుతాయి. అన్నవరం కొండ మీద గుడి దగ్గర సూర్య గడియారం ఉంది, అటు వెళ్ళే కుటుంబాలుంటే పిల్లలకు చూపించమని చెప్పండి.

నీడ తర్వాత నాకు ఎంతో ఇష్టమైనది, ఖర్చు అసలే లేనిది, చెట్టు కింద పడే వెలుగు చుక్కలు. వేపచెట్టో చింతచెట్టో ఉంటే ఎండపూట దాని కింద నేల చూడండి. ఆకుల మధ్య సందులు రకరకాల ఆకారాల్లో ఉంటాయి. కింద పడ్డ చుక్కల్లో చాలావరకు మాత్రం గుండ్రంగానే ఉంటాయి. అవి ఆకుల సందుల ఆకారాలు కావు, సూర్యుడి బొమ్మలు. చిన్న రంధ్రంలోంచి వచ్చే వెలుగు, దూరంగా ఉన్న నేల మీద సూర్యుడి రూపాన్నే వేస్తుంది. పెంకుటింట్లో పైకప్పు సందులోంచి నేల మీద పడే రూపాయి బిళ్ళంత వెలుగు కూడా ఇదే. మూడు మీటర్ల ఎత్తు నుంచి పడితే ఆ బిళ్ళ సుమారు 2.8 సెంటీమీటర్లు ఉంటుంది.

పిల్లలతో ఇలా చేయండి. ఒక అట్టముక్కలో బఠాణీ గింజ కంటే చిన్నవిగా మూడు రంధ్రాలు చేయండి. ఒకటి గుండ్రంగా, ఒకటి చదరంగా, ఒకటి మూడు మూలలుగా. ముందు నేలకు జానెడు ఎత్తులో పట్టుకోండి. చదరం చదరంగానే, మూడు మూలలది మూడు మూలలుగానే కనిపిస్తాయి. తర్వాత మీరు స్టూలెక్కి అట్టను పైకెత్తుతూ వెళ్ళండి. ఎత్తు పెరిగేకొద్దీ మూలలు కరిగిపోయి మూడు చుక్కలూ గుండ్రమైపోతాయి. కింద తెల్ల కాగితం పరిచి ఉంచితే పిల్లలు పెన్సిలుతో ఆ చుక్కల చుట్టూ గీస్తారు. వంటింట్లోని బూందీ గరిటె పట్టుకున్నా బాగుంటుంది, బోలెడు సూర్యుళ్ళు ఒకేసారి నేల మీద పడతాయి. లెక్కపెట్టించడానికి ఇంతకంటే మంచి సరుకు ఏముంది? పాక్షిక సూర్యగ్రహణం వచ్చినప్పుడు ఈ చుక్కలన్నీ నెలవంకల్లా మారిపోతాయి. పైకి చూడకుండా గ్రహణం చూపించడానికి చిన్నపిల్లలకు ఇదే దారి.

ఎండ ఆరబెట్టే పని మన ఇళ్ళల్లో పిల్లలు రోజూ చూసేదే. కానీ చూసినదాన్ని గమనించేలా చేయాలి. బకెట్టు నీళ్ళలో చేతులు ముంచి గచ్చు మీద అచ్చులు వేయించండి. సగం మంది ఎండలో, సగం మంది నీడలో. ఎవరి చేయి ముందు మాయమవుతుందో పందెం. పిల్లలు ఎండలో వేసిన చేతి అచ్చు వేళ్ళ వైపు నుంచి సన్నబడుతుంటే కూర్చుని చూస్తారు. “నీళ్ళు ఎక్కడికి పోయాయి?” అంటే “నేల తాగేసింది” అనే జవాబు తప్పకుండా వస్తుంది. అది తెలివైన జవాబే. “అయితే నేల తాగలేని చోట చూద్దాం” అని అదే పని స్టీలు పళ్ళెం మీద చేయించండి. అక్కడ కూడా ఆరిపోయేసరికి వాళ్ళ ముఖాల్లో వచ్చే ఆలోచన చూడాలి.

దీనికి కొనసాగింపుగా ఉప్పు. అర గ్లాసు వేడి నీళ్ళలో రెండు చెంచాల ఉప్పు కరిగించి, చల్లారాక వెడల్పాటి ప్లాస్టిక్ పళ్ళెంలో పోసి ఎండలో పెట్టండి. నల్ల పళ్ళెమైతే ఉప్పు స్పష్టంగా కనిపిస్తుంది. రెండు మూడు రోజుల్లో అంచుల దగ్గర పలుకులు కడతాయి. మీకు దగ్గర్లోనే బాపట్ల జిల్లా చినగంజాంలో ఉప్పు మళ్ళున్నాయి. పిల్లల తల్లిదండ్రుల్లో ఆ వైపు వాళ్ళుంటే ఒక ఫొటో తెప్పించండి. పళ్ళెంలో జరిగినదే అక్కడ ఎకరాల్లో జరుగుతుందని పిల్లలు తామే పోల్చుకుంటారు.

ఫిబ్రవరి వడియాల కాలం కూడా. సగ్గుబియ్యం జావ కాచి చల్లార్చి, పాత పంచె తడిపి పరిచి, పిల్లల చేత చెంచాతో వేయించండి. వరసకు ఐదు. పెద్దది, చిన్నది, వంకరది ఎలా వచ్చినా ఫరవాలేదు. సాయంత్రం ముట్టుకుంటే పైన ఆరి లోపల మెత్తగా ఉంటుంది, రెండో రోజు గలగలమంటుంది. మెత్తన, జిగురు, పెళుసు అనే మాటలు పిల్లలకు వేళ్ళతో వస్తాయి. వేయించడం మీ పని, పిల్లలు పొయ్యి దగ్గరికి రాకూడదు. ఎవరి వరస వాళ్ళకు పెట్టండి, ఇంటికి పట్టుకెళ్ళి మరీ చెప్పుకుంటారు.

వేడి గురించైతే కొబ్బరినూనె సీసాను మించింది లేదు. చలికాలం పొద్దున నూనె గడ్డకట్టి ఉంటుంది, అమ్మ దాన్ని కిటికీలో ఎండకు పెడుతుంది. 24 డిగ్రీల దగ్గర కరిగే నూనె అది, అందుకే మన వాతావరణంలో ఇటో అటో అవుతూ ఉంటుంది. రెండు చిన్న సీసాల్లో పోసి రాత్రి ఫ్రిజ్‌లో పెట్టి తీసుకురండి. ఒకటి ఎండలో, ఒకటి గదిలో నీడన. పది నిమిషాలకోసారి వంచి చూస్తారు. ఎండలోది ముందు సీసా గోడల దగ్గర కరిగి, నడుమ తెల్ల ముద్ద తేలుతుంది. పూర్తిగా కరిగాక చల్లటి నీళ్ళ గిన్నెలో పెడితే మళ్ళీ గడ్డకడుతుంది. ఐసుముక్క కరిగితే తిరిగి ఐసు కావడాన్ని పిల్లలు చూడలేరు. ఇది ఒక్క పూటలో రెండు వైపులా జరుగుతుంది, అందుకే నేను ఐసు కంటే దీన్నే చేయమంటాను. ఆ పక్కనే ఒక నల్ల కాగితం, ఒక తెల్ల కాగితం ఎండలో పావుగంట ఉంచి, కళ్ళు మూసుకుని అరచేత్తో తాకి ఏది నలుపో చెప్పమనండి. చెప్పేస్తారు.

ఇప్పుడు కాస్త పెద్ద పని, పసుపు గుడ్డ. తెల్లబట్ట మీద పడిన పసుపు మరక ఎండలో ఆరేస్తే పోతుందని మన ఇళ్ళల్లో అందరికీ తెలుసు. దాన్నే పాఠం చేయొచ్చు. పాత తెల్ల నూలు గుడ్డను జేబురుమాలంత ముక్కలు చేయండి. బకెట్టు నీళ్ళలో పసుపు పలచగా కలిపి పిల్లల చేత ముంచి పిండించండి. చిక్కగా కలిపితే రంగు ఎండకు త్వరగా పోదు, కాబట్టి పలచగానే. పాత చొక్కాలు తొడగండి, చేతులు పచ్చగా అవుతాయని ముందు రోజే ఇంట్లో చెప్పండి. గుడ్డలు నీడలోనే ఆరనివ్వండి. మర్నాడు పిల్లలు ఏరుకొచ్చిన ఆకులు, అంటే వేపరెమ్మ, తంగేడు, కరివేపాకు లాంటివి గుడ్డ మీద పరిచి, పైన పారదర్శకమైన ప్లాస్టిక్ ఫైలు కవరు పెట్టి, అంచుల మీద రాళ్ళు ఉంచండి. గాజుపలక వాడవద్దు. పదింటి నుంచి మూడింటి దాకా మంచి ఎండ తగలాలి, అవసరమైతే రెండో రోజు కూడా. ఆకు తీస్తే కింద పసుపు అలాగే ఉంటుంది, చుట్టూ వెలిసిపోయి ఉంటుంది. ఈనెలతో సహా ఆకు అచ్చు కనిపిస్తే పిల్లలు గుడ్డను తిప్పి తిప్పి చూస్తారు.

అక్కడితో ఆపకండి. బట్టల సబ్బు కలిపిన నీళ్ళలో మీరే ఆ గుడ్డను ముంచి తీయండి. పసుపు మిగిలిన చోట, అంటే ఆకు అచ్చు, క్షణంలో ఎర్రబడుతుంది. పసుపులో సున్నం కలిపితే పారాణి అయ్యేది కూడా ఇందుకే. సున్నం మాత్రం పిల్లల దగ్గర వాడకండి, చర్మాన్ని, కళ్ళను కాలుస్తుంది. సబ్బునీళ్ళు చాలు. గుడ్డల్ని కిటికీ పక్క గోడకు తగిలిస్తే కొద్ది రోజుల్లో అచ్చు కూడా వెలుస్తుంది. పుస్తకంలో దాచిపెట్టి ఇవ్వండి.

మొక్కల సంగతి క్లుప్తంగా చెప్తాను. పెసలు నానబెట్టి సోమవారమే రెండు కొబ్బరి చిప్పల్లో మట్టిలో వేయండి. ఒకటి కిటికీలో, ఒకటి అలమరలో. ఇక్కడ జాగ్రత్తపడాల్సింది ఒకటుంది. వారం చివర చీకట్లో ఉన్న మొలకే పొడుగ్గా ఉంటుంది. “చీకట్లోనే బాగా పెరిగింది” అని పిల్లలు అంటారు, అది చూసిన నిజమే కదా. రంగు చూడమనండి, వేలితో మెల్లగా తాకి ఏది నిలబడుతుందో, ఏది వాలిపోతుందో చూడమనండి. ఆ తర్వాత చీకట్లోదాన్ని కూడా కిటికీలో పెట్టి నాలుగు రోజుల్లో పచ్చబడటం చూపించండి. మొక్క వెలుగు వైపు వంగడం కూడా చూపాలంటే చెప్పుల డబ్బాకు ఒక పక్క రంధ్రం చేసి లోపల మరో చిప్ప ఉంచండి.

మీ వారం రథసప్తమికి దగ్గరగా పడితే చిక్కుడుకాయల రథం చేయించండి. కాయలకు కొబ్బరి ఈనెలు గుచ్చి రథం నిలబెట్టడం చిన్న వేళ్ళకు గట్టి పరీక్ష. ఈనెల కొసలు మొద్దు చేసి ఇవ్వండి. ఏడు గుర్రాల కథ చెప్పి ఏడు లెక్కపెట్టించవచ్చు. పూజ ఇంట్లో ఎవరి పద్ధతిలో వాళ్ళు చేసుకుంటారు, బడిలో మాత్రం అన్ని ఇళ్ళ పిల్లలూ కలిసి కూరగాయలతో బండి చేస్తున్నారు, అంతే. అలా చెప్తే ఏ తల్లిదండ్రులూ ఇబ్బంది పడరు.

అద్దంతో గోడ మీద వెలుగు పిట్టను ఆడించడం మంచి ఆటే, కానీ అద్దం మీ చేతిలోనే ఉండాలి, పిల్లలు పిట్టను పట్టుకోవడానికి పరుగెత్తాలి. పైపుతో నీళ్ళు చిమ్మి ఇంద్రధనుస్సు చూపాలంటే ఉదయం గానీ సాయంత్రం గానీ, సూర్యుడు వీపు వెనక ఉండగా చేయండి. గ్రహాల పేర్లు వరసగా వల్లె వేయించడం ఈ వయసుకు అవసరం లేదని నా గట్టి అభిప్రాయం. ఎనిమిది పేర్లు చెప్పే పిల్లవాడికి తన నీడ ఎటు పడుతుందో తెలియకపోతే ఆ పేర్లతో ఏం చేసుకుంటాడు?

ఇక ఆ బాబు అడిగిన ప్రశ్న. “భూమి తన చుట్టూ తాను తిరుగుతుంది నాన్నా” అని చెప్తే ఆరేళ్ళ లోపు పిల్లవాడు దాన్ని అప్పజెప్తాడు, అంతకుమించి జరగదు. కాళ్ళ కింద నేల కదలడం లేదని వాడికి స్పష్టంగా తెలుసు. సూర్యచంద్రులు తమ వెంటే నడిచొస్తారని చిన్నపిల్లలు నమ్ముతారని పియాజే అనే స్విస్ మనస్తత్వ శాస్త్రవేత్త దాదాపు వందేళ్ళ కిందటే రాశాడు. మీరు కూడా అడిగి చూడండి, అదే చెప్తారు. కాబట్టి ముందు ఎదురు ప్రశ్న: “నువ్వేమనుకుంటున్నావు?” నిద్రపోతాడని, కొండ వెనక దాక్కుంటాడని, సముద్రంలో పడతాడని చెప్తారు. అన్నీ బొమ్మలుగా వేయించండి, దేన్నీ కొట్టేయకండి.

తర్వాత జవాబు మీరు చెప్పకుండా ఫోను చేత చెప్పించండి. మీ పిల్లల్లో ఎవరికో ఒకరికి డల్లాస్‌లో బాబాయో, కువైట్‌లో నాన్నో ఉండే ఉంటారు. ఇంట్లో రాత్రి ఎనిమిదింటికి డల్లాస్‌కు వీడియో కాల్ చేసి “బాబాయ్, కిటికీలోంచి బయట చూపించు” అని అడగమనండి. అక్కడ పొద్దున్నే ఎండ కాస్తుంటుంది. కువైట్ అయితే మనకు రెండున్నర గంటలు వెనక. ఇక్కడ ఏడింటికి చీకటి పడ్డాక చేస్తే అక్కడ నాలుగున్నర, ఇంకా పొద్దు ఉంటుంది. పిల్లవాడు మర్నాడు బడికొచ్చి “సూర్యుడు బాబాయి దగ్గర ఉన్నాడు టీచర్” అంటాడు. నాలుగేళ్ళ పిల్లవాడికి ఆ జవాబు చాలు, అందులో తప్పు కూడా లేదు. ఐదు దాటినవాళ్ళకు చీకటి గదిలో బంతి మీద రెండు చుక్కలు పెట్టి, ఒకటి మన ఊరు, ఒకటి బాబాయి ఊరు అని చెప్పి, టార్చి కదలకుండా పట్టుకుని బంతిని తిప్పి చూపించండి. వీడియో కాల్ తర్వాత చూపిస్తేనే ఆ బంతికి అర్థం ఉంటుంది.

తల్లిదండ్రులు “పిల్లల్ని ఎండలో తిప్పుతున్నారు” అంటే వారం మొదట్లోనే ఒక కాగితం పంపండి: ఏ పూట, ఎన్ని నిమిషాలు, టోపీ, నీళ్ళ సీసా. వాళ్ళకూ ఒక పని ఇవ్వండి. మేడ మీది నుంచో వాకిట్లోంచో సూర్యుడు ఏ ఇంటి వెనక, ఏ చెట్టు పక్క నుంచి పైకొస్తున్నాడో వారానికోసారి పిల్లలతో బొమ్మ వేయించమనండి. వెలుగు వచ్చిన చోటు గుర్తించడమే, సూర్యుడు పైకొచ్చాక చూడకూడదు. మార్చి చివరికల్లా ఆ చోటు ఎడమ వైపుకి బాగా జరిగి ఉంటుంది.

మబ్బు పట్టిన రోజున బయటికి వెళ్ళడం మానకండి. నీడ లేని రోజు కూడా చూడాలి. సుద్దముక్క పట్టుకెళ్ళి “గీయండి” అనండి, ఏం గీస్తారో చూడండి.

చివరగా ఒక తేదీ దాచుకోండి. పైన చెప్పిన ఆ రెండు నీడలేని రోజుల్లో ఒకటి మీకు మే మొదటి వారంలో వస్తుంది, అప్పుడు బడికి సెలవులు. రెండోది ఆగస్టు మొదటి వారం చివర్లో, 7వ తేదీ ప్రాంతంలో. హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళకు మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో, తిరుపతి వైపు వాళ్ళకు ఏప్రిల్ చివరి వారంలో, ఆగస్టు నడిమిలో వస్తుంది. ఆ రోజు పన్నెండుంబావు ప్రాంతంలో సమానంగా ఉన్న బండ మీద స్టీలు గ్లాసులు బోర్లించి, పిల్లల్ని చుట్టూ నిలబెట్టండి. గ్లాసు నీడ గ్లాసు కిందే దాక్కుంటుంది. ఆ కాస్త సమయంలో సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు కాబట్టి ఎవరూ తల ఎత్తకూడదని ముందే గట్టిగా చెప్పండి. వానాకాలం కదా, మబ్బు అడ్డొస్తే ముందు రోజు గానీ మర్నాడు గానీ చేసినా నీడ పోల్చలేనంత చిన్నదిగానే ఉంటుంది. ఫిబ్రవరిలో కత్తిరించిన ఆ పసుపు రిబ్బన్లు పారేయకుండా ఉంచితే, ఆ రోజు పక్కన పెట్టి చూపించవచ్చు.